చర్చకు సారాంశం ఎవరు రాయాలి?

చర్చ జరగడం ఒక ఎత్తు. ఆ చర్చలో ఏం జరిగిందో చెప్పడం ఇంకొక ఎత్తు. మొదటిదాన్ని గురించి మనం సభల్లోనూ పత్రికల్లోనూ ఎంతో మాట్లాడుకుంటాం. రెండోదాన్ని మాత్రం కార్యదర్శి చేతిలో పెట్టి ఇళ్ళకు పోతాం. ఇప్పుడా కార్యదర్శి స్థానంలోకి యంత్రం వస్తున్నది. రాదగునా రాకూడదా అనే వాదంలోకి నేను దిగబోవడం లేదు. వచ్చిన యంత్రం పని ఎలా చేస్తుంది, ఎక్కడ తప్పుతుంది, దాని చేత సరైన పని చేయించుకోవాలంటే మనం ఏం చేయాలి అనేవే ఈ వ్యాసంలో విషయాలు. నేను ఇంజనీరును కాను. తిరుపతిలో తెలుగు ఎం.ఏ. చదివి, చిత్తూరు పక్క పల్లెబడిలో పాఠం చెప్పుకునేవాణ్ణి. కనుక నాకు తెలిసిన దారిలో, అంటే భాష దారిలో, ఈ విషయాన్ని వివరిస్తాను.

1. జరిగిన సంగతి

తిరుపతి, చిత్తూరు, పలమనేరు, మదనపల్లె ప్రాంతాల సాహిత్య మిత్రులం నలభైమంది దాకా ఫోన్లలో ఒక చర్చావేదిక పెట్టుకున్నాం. నెలకొక కథ చదివి మాట్లాడుకుంటాం. అందరూ ఒకే వేళకు ఖాళీగా ఉండరు. బడి విడిచాక కొందరు, కొట్టు మూశాక కొందరు, రాత్రి పన్నెండుకు కొందరు రాస్తారు. రెండు రోజులు పని ఒత్తిడిలో చూడకపోతే మూడు వందల సందేశాలు పేరుకుపోయి ఉంటాయి. వాటిలో శుభోదయాలు, పూలబొమ్మలు, సంతాపాలు పోగా అసలు మాట ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చేది. అందుచేత, రోజూ రాత్రి చర్చ సారాంశాన్ని పది వాక్యాల్లో చెప్పే సహాయక యంత్రం ఒకటి ఉంటే బాగుండునని అనుకున్నాం. యంత్రమంటే ఇనుపముక్క కాదు, ఒక ప్రోగ్రాము. దాన్ని వాడుకలో బాట్ అంటున్నారు. నా పాత విద్యార్థి ఒకడు బెంగుళూరులో కంప్యూటరు పని చేస్తున్నాడు. వాడు ఒక ఆదివారం కూర్చుని దాన్ని తయారుచేసి ఇచ్చాడు.

ఆ నెల చర్చకు తీసుకున్నది కరువు కథ. శెనగకాయ పంట పోయి, బోరు ఎండి, చివరకు రైతు భార్య బెంగుళూరికి ఇండ్లల్లో పనికి పోతుంది. ఈ ముగింపు ఓటమా, ప్రతిఘటనా అన్నది చర్చ. మాలో వాదనాపటిమ ఉన్నవాళ్ళు నలుగురైదుగురు పేజీలకు పేజీలు రాశారు. ఆ మధ్యలో ఒక సోదరి ఒకే ఒక సందేశం పెట్టింది. ఆమె మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసి, తర్వాత అంగన్‌వాడీలో చేరిన మనిషి. ఆమె రాసింది ఇది: "ఆ యమ్మ బెంగుళూరికి పొయ్యింది మొగుడి మీద అలిగి కాదు సార్, అప్పు తీర్చేదానికి. ఆ అప్పు ఎవురి పేరు మీద ఉండాదో కత రాసినాయన యాడా చెప్పలేదు."

నా దృష్టిలో ఆ చర్చ మొత్తానికి అదే విలువైన మాట. మేమందరం ముగింపును చుట్టుకుని తిరుగుతుంటే, ఆమె కథకు ఆధారమైన ఆర్థిక సంబంధాన్ని ఒక్క ప్రశ్నతో పట్టుకుంది. పొదుపు సంఘాల కాలంలో అప్పు ఆడమనిషి సంతకం మీద వస్తుంది, ఖర్చు ఇంకొకరి చేతి మీదుగా పోతుంది. కథకుడికి ఆ స్పృహ ఉందా లేదా అని తేల్చనిదే ముగింపు గురించి మాట్లాడడానికి లేదు.

రాత్రి యంత్రం ఇచ్చిన సారాంశంలో ఏముంది? కథ బాగుందని సభ్యులు అభిప్రాయపడ్డారనీ, ముగింపుపై భిన్నాభిప్రాయాలు వ్యక్తమయ్యాయనీ, శిల్పం గురించి లోతైన చర్చ జరిగిందనీ ఉంది. ఆమె మాట లేదు. మరునాడు ఆమె నాకు విడిగా ఫోను చేసి, "నేను చెప్పింది అందులో లేదు గదా సార్, అంటే నేను చెప్పనట్టేనా?" అని అడిగింది. కోపంతో కాదు, సందేహం తీర్చుకోవడానికే అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. తర్వాత మూడు వారాలు ఆమె ఏమీ రాయలేదు.

2. బడిలో సారాంశం

యంత్రాన్ని తిట్టే ముందు, సారాంశమంటే ఏమిటో మనకైనా తెలుసా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. మా తరగతి గదిలో ప్రతిపదార్థం, తాత్పర్యం, భావం, సారాంశం అని నాలుగు మాటలున్నాయి. పిల్లలు నాలుగూ ఒకటే అనుకుంటారు, పరీక్ష దిద్దేవాళ్ళమూ పెద్దగా పట్టించుకోం. కాని అవి ఒకటి కావు. ప్రతిపదార్థం మాటకు మాట. తాత్పర్యం చెప్పినవాడి ఉద్దేశం. భావం చదివినవాడికి అందినది. సారాంశం చెప్పినదానిలో వదలడానికి వీల్లేనిది. "వదలడానికి వీల్లేనిది ఏది?" అన్న నిర్ణయం లేకుండా సారాంశం లేదు. అంటే సారాంశం రాయడమే ఒక విమర్శ. ఎంపిక ఉన్నచోట దృక్పథం ఉంటుంది. తెలుగులో భారతం సంస్కృతం కంటె చిన్నది. కవిత్రయం ఏది ఉంచింది, ఏది విడిచింది అని పరిశీలించడం మన విమర్శలో ఒక శాఖే అయింది. విడిచిన చోట కవి కనిపిస్తాడు, కాలం కనిపిస్తుంది.

పైగా కథకు సారాంశం వేరు, చర్చకు సారాంశం వేరు. కథను రాసినవాడు ఒకడు, అతడి ఉద్దేశం ఒక దారిన నడుస్తుంది. చర్చకు కర్తలు పదిమంది. వాళ్ళ ఉద్దేశాలు ఒకదానికొకటి అడ్డం పడతాయి. కాబట్టి చర్చా సారాంశంలో కనీసం అయిదు విషయాలుండాలి: ఏ ప్రశ్న మీద చర్చ నడిచింది, ఎవరెవరు ఏ పక్షం తీసుకున్నారు, దానికి ఏ కారణం చూపారు, మధ్యలో ఎవరైనా మనసు మార్చుకున్నారా, చివరకు తేలనిదేమిటి. మా యంత్రం ఇచ్చినదానిలో ఈ అయిదింటిలో ఒక్కటైనా సరిగా లేదు. నిజం చెప్పాలంటే మన సభల నివేదికల్లోనూ తరచుగా ఉండవు. "వక్తలు ప్రసంగించారు, సభ జయప్రదంగా ముగిసింది" అని రాసే కార్యదర్శికీ ఆ యంత్రానికీ తేడా తక్కువే.

పల్లెలో రచ్చబండ దగ్గర పదిమందీ మాట్లాడేవాళ్ళు, చివర్లో "అయితే తేలిందేమంటే" అని ఎత్తుకునేవాడు ఒక్కడే. ఆ ఒక్కడు సామాన్యంగా భూమి ఉన్నవాడు. ఎవరి పొలం ఎంత, ఎవరి గట్టు ఎక్కడ అన్నది కరణం దస్త్రంలో ఎక్కినదే నిజం. మన రాష్ట్రంలో వంశపారంపర్యపు కరణీకాలు 1984లో రద్దయ్యాయి. కాని "రాసినవాడి మాటే నిలుస్తుంది" అన్న సూత్రం రద్దు కాలేదు. నిన్నటి చర్చను చదవని ముప్పయ్యిమందికి ఆ పది వాక్యాలే చర్చ. ఆమె అడిగిన ప్రశ్నలోని బరువు అదే.

3. యంత్రం సారాంశం ఎలా తీస్తుంది

ఇందులో రెండు పద్ధతులున్నాయి. మొదటిది ఏరివేత, అంటే ఉన్న వాక్యాల్లోంచి కొన్నింటిని ఎంచి వరసగా పెట్టడం. రెండోది పునఃకథనం, అంటే విషయాన్ని సొంత మాటల్లో తిరిగి చెప్పడం.

ఏరివేతకు ఆద్యుడుగా చెప్పదగినవాడు ఐబీఎం సంస్థలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్. 1958లో ఆయన ప్రకటించిన పద్ధతి చాలా సరళం. వ్యాసంలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టు. మరీ ఎక్కువగా వచ్చేవి విభక్తుల వంటివి గనుక వదిలెయ్యి. మరీ అరుదైనవీ వదిలెయ్యి. మధ్యనున్నవి కీలకపదాలు. అవి గుంపుగా ఉన్న వాక్యాలను బయటికి తియ్యి. అదే సారాంశం.

ఇది ఇంగ్లీషుకు కొంతవరకు పనిచేసింది. తెలుగుకు తెచ్చేసరికి చిక్కు వస్తుంది. మన భాషలో రైతు, రైతుకు, రైతులతో, రైతేగా, రైతంటే అన్నవి యంత్రం కంటికి అయిదు వేరు వేరు మాటలు. ప్రత్యయాలనూ సంధులనూ విడదీయనిదే లెక్క కుదరదు. వ్యాకరణం బడిపిల్లల్ని వేధించడానికి మాత్రమే పుట్టిందనుకునేవాళ్ళు ఈ ఒక్క విషయాన్ని గమనించాలి. ఇంకొక చిక్కు కర్త లోపించడం. "ఒప్పుకోను" అని మనం రాస్తాం. ఎవరు, దేన్ని అన్నది పై సందేశంలో ఉంటుంది. ఆ వాక్యాన్ని ఏరి బయట పెడితే అనాథ అవుతుంది.

పునఃకథనం ఇటీవలి కాలంలో సాధ్యమైంది. 2017లో గూగుల్ పరిశోధకులు ట్రాన్స్‌ఫార్మర్ అనే కొత్త నిర్మాణాన్ని ప్రతిపాదించారు. ఇప్పటి పెద్ద భాషా నమూనాలు చాలావరకు దాని మీదనే కట్టినవి. అపారమైన రాతను వాటి ముందు పెట్టి, ఈ ముక్క తర్వాత ఏ ముక్క వస్తుంది అన్న ఊహను కోట్లసార్లు సాధన చేయిస్తారు. ఆ సాధనలోంచి అవి వాక్యం కట్టడం, ప్రశ్నకు బదులు చెప్పడం, సంక్షేపించడం నేర్చుకుంటాయి. మా బాట్ ఇలాంటి నమూనానే వాడుకుంటుంది.

ఇక్కడ భౌతిక పరిస్థితి ఒకటి చెప్పాలి. కంప్యూటరులో "అమ్మ" అని తెలుగు లిపిలో రాస్తే అ, మ, పొల్లు, మ అని నాలుగు గుర్తులు. మామూలు వాడుకలోని యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి 3 బైట్లు, మొత్తం 12. అదే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 4. అక్షరాన్ని ముక్కలుగా కోసే పద్ధతి కూడా ఇంగ్లీషు కొలతకు కుట్టినదైతే, తెలుగు వాక్యం ఎక్కువ ముక్కలవుతుంది. ముక్కకింత అని ధర కట్టే వ్యాపారంలో, అదే మాట చెప్పినందుకు తెలుగువాడు ఎక్కువ చెల్లించాలి. ఇది యంత్రం ద్వేషం కాదు, మార్కెట్టు లెక్క.

ఇక నేర్పిన పాఠం సంగతి. సంక్షేపణను నేర్పడానికీ పరీక్షించడానికీ వ్యాసమూ దాని సారాంశమూ జతలుగా కావాలి. 2021లో వచ్చిన ఎక్స్ఎల్-సమ్ అనే సంకలనంలో తెలుగుతో కలిపి 44 భాషలున్నాయి. అది బీబీసీ వార్తల నుంచి తీసినది. వార్త మొదట ఉండే పరిచయ వాక్యాన్నే సారాంశంగా తీసుకున్నారు. 2022లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు టెసమ్ అనే తెలుగు సంకలనం తయారుచేశారు. అందులో మనుషులు రాసిన సారాంశాలు 20 వేలకు పైగా ఉన్నాయి. ఇది నిజంగా మెచ్చుకోదగిన కృషి. కాని అదీ వార్తలదే. వార్తకు ఒక స్వభావం ఉంది. ముఖ్యమైనది తలలోనే వస్తుంది, తోక కోసినా నష్టం లేదు. చర్చ స్వభావం దీనికి తలకిందులు. దానిలో అసలు మాట రాత్రి పదకొండున్నరకు, అందరూ అలసిపోయాక, మొహమాటంగా వస్తుంది. వార్తల బడిలో చదివిన విద్యార్థికి చర్చ ప్రశ్నపత్రం ఇస్తే ఏమవుతుందో మాకు అదే అయింది.

సారాంశం మంచిదా కాదా అని కొలిచే పద్ధతీ చూద్దాం. 2004 నుంచి విస్తారంగా వాడుతున్న కొలత పేరు రూజ్. మనిషి రాసిన సారాంశంలోని మాటలు యంత్రపు సారాంశంలో ఎన్ని ఉన్నాయో లెక్కించడం దీని మూలం. "ముగింపు ఓటమి కాదు అని ఎక్కువమంది అన్నారు" అని మనిషి రాశాడనుకుందాం. యంత్రం "ముగింపు ఓటమి అని ఎక్కువమంది అన్నారు" అని రాసింది. ఆరు మాటల్లో అయిదు కలిశాయి. కొలత ప్రకారం మంచి మార్కులే. అర్థం ప్రకారం సున్న. నేను ఏ పిల్లవాడికీ ఇలా మార్కులు వేయను. వేస్తే మా ప్రధానోపాధ్యాయుడు ఊరుకోడు.

4. లోపం యంత్రానిదా, మనదా

ఆ సోదరి మాట ఎందుకు జారిపోయిందో మేమిద్దరం కూర్చుని వెతికాం. నాలుగు కారణాలు కనిపించాయి.

మొదటిది పరిమాణం. ఎక్కువ రాసినవాడి మాట ఎక్కువసార్లు కనబడుతుంది. ఎక్కువ కనబడేది ముఖ్యమైనదిగా తోస్తుంది. తీరిక ఉన్నవాడే ఎక్కువ రాయగలడు. తీరిక అందరికీ సమానంగా లేదు. కనుక లెక్క తటస్థంగా కనిపించినా ఫలితం తటస్థంగా ఉండదు.

రెండోది భాష. ఆమె రాసినది చిత్తూరు మాట. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు "పచ్చనాకు సాక్షిగా", "సినబ్బ కతలు" వచ్చిన తర్వాత ఈ జిల్లా మాటకు సాహిత్యంలో చోటు ఉందా అని అడిగేవాళ్ళు లేరు. కాని వార్తల తెలుగు మీద పెరిగిన యంత్రానికి "ఉండాది", "యాడా" అన్నవి తప్పులు. పాత పరీక్షల్లో ఒకటి రెండుసార్లు అది ఇలాంటి మాటల్ని దిద్ది, తిన్నగా చేసి, ప్రాణం తీసి చూపించింది. గిడుగు కాలం నుంచి పోరాడి గ్రాంథికాన్ని గద్దె దింపాం. ఇప్పుడు పత్రికల తెలుగు యంత్రం చేతిలో కొత్త గ్రాంథికమై కూర్చోకుండా చూసుకోవాలి.

మూడోది సంబంధం తెగడం. మొదట మేము వాట్సాప్‌లో ఉండేవాళ్ళం. దానిలో సంభాషణను ఫైలుగా బయటికి తీసుకోవచ్చు. కాని ఆ ఫైలులో తేదీ, వేళ, పేరు, మాట మాత్రమే వస్తాయి. ఏ సందేశం దేనికి జవాబో రాదు. ఆమె మాట కింద ఇద్దరు "అవును, ఇది ఆలోచించవలసిందే" అని రాశారు. ఆ అవును దేనికి అవునో యంత్రానికి తెలియలేదు. పైన ఉన్న శిల్పచర్చకు దాన్ని అంటగట్టింది.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యమైనది. యంత్రానికి మేమిచ్చిన ఆజ్ఞ "ముఖ్యాంశాలు పది వాక్యాల్లో చెప్పు" అని. ముఖ్యం అంటే ఏమిటో చెప్పలేదు. చెప్పకపోతే అది లోకంలో చలామణీ అయ్యే ముఖ్యాన్నే తీసుకుంటుంది. ఎక్కువమంది అన్నది, నిండుగా రాసినది, మర్యాదగా ఉన్నది. పరీక్షలో ప్రశ్న సరిగా ఇవ్వకుండా జవాబు సరిగా లేదనడం ఉపాధ్యాయుడికి తగదు. లోపంలో సగానికి పైగా మాదే.

5. మళ్ళీ కట్టిన తీరు

సంక్రాంతి సెలవులకు నా విద్యార్థి వచ్చినప్పుడు మళ్ళీ మొదటి నుంచి పని పెట్టుకున్నాం. ముందుగా వేదికను టెలిగ్రామ్‌కు మార్చాం. అక్కడ ఏది దేనికి జవాబో యంత్రానికి అందుతుంది. అక్కడ ఇంకొక సంగతి తెలిసింది. గుంపులో చేర్చిన బాట్ మామూలుగా అన్ని మాటలూ చూడలేదు, తనకిచ్చిన ఆజ్ఞలనే చూస్తుంది. అన్నీ చూడాలంటే మనం పనిగట్టుకుని అనుమతివ్వాలి. ఆ అనుమతి నేనొక్కణ్ణి ఇవ్వడం అన్యాయం. సభ్యులందరినీ అడిగాం. మన మాటలు ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ కంప్యూటరుకు పోయి తిరిగి వస్తాయన్న సంగతి దాచకుండా చెప్పాం. ముగ్గురు వద్దన్నారు. వాళ్ళ సందేశాలను యంత్రానికి పంపకుండానే ఆపే ఏర్పాటు చేసి, వాళ్ళ మాటలను మాలో ఒకరు చేత్తో చేర్చాలని నిర్ణయించాం.

తర్వాత నియమాలు రాశాం. అవి ఇవి:

ఒకటి, చర్చను ముందు పాయలుగా విడదీయాలి. ఒక్కో పాయకు ఒక ప్రశ్న. ప్రశ్న లేనిచోట సారాంశం లేదు. ఆ రోజు పలకరింపులూ సంతాపాలూ తప్ప ఏమీ లేకపోతే "ఈరోజు చర్చ జరగలేదు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోవాలి.

రెండు, సారాంశంలోని ప్రతి వాక్యం పక్కన అది ఏ సందేశం నుంచి వచ్చిందో దాని సంఖ్య ఉండాలి. సంఖ్య చూపలేని వాక్యాన్ని ప్రోగ్రాము తానే కొట్టివేస్తుంది. పునఃకథనం చేసే యంత్రానికి లేనిదాన్ని ఉన్నట్లు చెప్పే జబ్బు ఉంది. ఆధారం అడగడమే దానికి మందు. పూర్తిగా నయం కాదు, అదుపులో ఉంటుంది.

మూడు, ఒక్కరే చెప్పిన మాటయినా, కొత్త కారణం గాని కొత్త ప్రశ్న గాని తెస్తే అది తప్పక రావాలి. ఇందుకోసం "ఒంటరి మాటలు" అనే విభాగం ప్రత్యేకంగా పెట్టాం. అందులో తలల లెక్క లేదు.

నాలుగు, "సభ్యులందరూ", "ఏకాభిప్రాయం", "లోతైన చర్చ" అన్న మాటలు నిషిద్ధం. ఎవరెవరో పేర్లు చెప్పాలి, లేదా ఊరుకోవాలి.

అయిదు, ఒంటరి మాటలను వీలైనంతవరకు చెప్పినవారి మాటల్లోనే ఉంచాలి. యాసను దిద్దకూడదు.

ఆరు, కింద "ఇది యంత్రం రాసిన చిత్తు" అని ఉండాలి. వికీపీడియాలో బాట్లు బాట్లుగానే నమోదై పనిచేస్తాయి. తెలుగు వికీపీడియాలో సముదాయం మాట్లాడుకునే చోటు పేరు రచ్చబండ. అక్కడ పాత చర్చలను భద్రపరుస్తారు, రాసినవారు సంతకం చేస్తారు. యంత్రం మనిషి వేషం వేయకూడదు, మనిషి తన సంతకం దాచకూడదు అన్న ఆ రెండు ఆచారాలూ మేమూ తీసుకున్నాం.

ఏడు, చిత్తు వచ్చాక ఒక పగలూ ఒక రాత్రీ గడువు. ఎవరైనా "నా మాట అది కాదు" అంటే, వారి మాటే చెల్లుతుంది. ఆ తర్వాతే అది మా నివేదికల్లోకి ఎక్కుతుంది.

పరీక్ష కూడా మా పద్ధతిలోనే పెట్టాం. పాత చర్చలు ఎనిమిది తీసుకుని, ఇద్దరం విడివిడిగా చేత్తో సారాంశాలు రాశాం. మా ఇద్దరికే మూడు చోట్ల పడలేదు. అది మంచిదే అయింది. ముఖ్యమేదో తేల్చడం మనుషులకే అంత సులభం కాదని తెలిసింది. తర్వాత యంత్రం రాసినదాన్ని ఆ చర్చకు రాని ఒక సభ్యుడికిచ్చి అయిదు ప్రశ్నలడిగాం. ఎవరు ఏ పక్షం, ఎందుకు, ఎవరు మారారు, ఒంటరిగా నిలిచినదెవరు, తేలనిదేమిటి. జవాబు చెప్పగలిగితే సారాంశం పనికొచ్చినట్టు. మాటలెన్ని కలిశాయని మేం లెక్కపెట్టలేదు.

ఇప్పటికీ తప్పుతున్నవి ఉన్నాయి. "అబ్బో, ఎంత గొప్ప కవిత్వం!" అంటే దాన్ని ప్రశంసగా రాస్తుంది. సరిహద్దు పల్లెల మిత్రులు అరవం కలిపి రాస్తే తడబడుతుంది. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఒకసారి సరిగా, ఒకసారి వంకరగా అర్థం చేసుకుంటుంది. గొంతుతో పంపిన సందేశాలను ఇప్పటికి వదిలేశాం. రాయడం రానివాళ్ళు, తీరనివాళ్ళు పంపేవి అవే గనుక ఇది చిన్న లోపం కాదు. "గొంతు సందేశాలు ఇన్ని ఉన్నాయి, విని చూడండి" అని మాత్రం సారాంశం చివర చెప్పిస్తున్నాం.

6. సారాంశం దేనికి

కొందరు మిత్రులు అసలు ఇదంతా ఎందుకు, చర్చనే చదువుకోవచ్చు గదా అన్నారు. వారి భయం నాకు తెలుసు. గైడు చదివి పాఠ్యపుస్తకం తెరవని విద్యార్థుల్ని ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నవాణ్ణి. సారాంశం చర్చకు బదులుగా నిలిస్తే కీడే. అందుకే సందేశ సంఖ్యలు. ఒక వాక్యం దగ్గర అనుమానం వస్తే దాని మూలానికి పోయే దారి ఉండాలి. సారాంశం పని ఇంటి గుమ్మం పని. గుమ్మంలోనే కాపురం పెట్టేవాళ్ళు కొందరుంటారు, దానికి గుమ్మాన్ని పీకెయ్యలేం.

రెండో వైపు నుంచీ చూడాలి. దేశదేశాల తెలుగువారు యాహూ గ్రూపుల్లో ఏళ్ళ తరబడి సాహిత్య చర్చలు చేశారు. వాటిలో రచ్చబండ పేరుతోనే ఒకటుండేది. 2019 చివర్లో యాహూ ఆ గ్రూపుల పాత సందేశాలను తొలగించడం మొదలుపెట్టి, 2020 డిసెంబరులో ఆ సేవనే మూసేసింది. ఎవరైనా ముందుగా దాచుకున్నంతవరకే మిగిలింది. మన చర్చలు మన సొంత ఇంట్లో జరగడం లేదు, అద్దె ఇంట్లో జరుగుతున్నాయి. ఇంటివాడు తాళం వేస్తే బయటపడేది మనం చేత్తో తెచ్చుకున్న మూట మాత్రమే. సారాంశం ఆ మూట. మూటలో ఏం కట్టుకుంటామన్నది రేపటి సాహిత్య చరిత్ర రాసేవాడికి సంబంధించిన విషయం.

చర్చలో చివరకు మిగిలేది ఎప్పుడూ నిర్ణయమే కానక్కర లేదు. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభల వేళ విద్యార్థులు పంచిన కరపత్రం పేరు ఒక ప్రశ్న: "రచయితలారా మీరెటువైపు?" ఆ ఏడు జూలైలో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. ఆ సభల్లో ఎవరేం మాట్లాడారో చాలామందికి గుర్తు లేదు, ఆ ప్రశ్న గుర్తుంది. ఏ యంత్రాన్నయినా ఆనాడు పది వాక్యాల్లో చెప్పమని ఉంటే సన్మానం ఘనంగా జరిగిందని చెప్పి ఉండేది.

మళ్ళీ మా వేదిక దగ్గరికి వస్తాను. కొత్త నియమాలతో యంత్రం సిద్ధమయ్యాక, ఆ పాత కరువు కథ చర్చనే మళ్ళీ దానికిచ్చాం. వచ్చిన చిత్తును ఆ సోదరికి పంపాను. ఒంటరి మాటల కింద ఆమె పేరుంది, సందేశం సంఖ్య ఉంది. వాక్యం ఇలా ఉంది: "అప్పు భార్య పేరు మీద ఉందని, అందుకే ఆమె పనికి వెళ్ళిందని ఈమె అన్నారు." నాకు తృప్తిగానే ఉంది. సాయంత్రానికి ఆమె జవాబు వచ్చింది.

"నా పేరు ఎక్కించినారు, సంతోషం సార్. కానీ ఆయమ్మ పేరు మీద ఉండాదని నేను అన్లేదు. ఎవురి పేరు మీద ఉండాదో ఆయన చెప్పలేదన్నా. నేను అడిగింటి. మీ మిషను నా చేత చెప్పిచ్చింది."

ఆమె చెప్పినది నిజం. యంత్రం ప్రశ్నను తీసుకుని తీర్పుగా మార్చింది. తీర్పుకైతే రచయిత "కాదు" అని కొట్టిపారేయగలడు. ప్రశ్నకు మాత్రం కథలోకి తిరిగి వెళ్ళి జవాబు వెతకాలి. ఈ తేడాను నేను, ఎం.ఏ. చదివినవాణ్ణి, చిత్తు చదివి కూడా గమనించలేదు. ఆ రాత్రే ఎనిమిదో నియమం చేర్చాం. ప్రశ్న ప్రశ్నగానే ఉండాలి. ఆ నియమం పక్కన, సందేశ సంఖ్యతో సహా, ఆమె పేరు రాసి పెట్టాం.